‘గివ్ అప్’: ఒక ఆంగ్ల క్రియాబంధము, దాని తెలుగుసేత

కొన్ని సంవత్సరముల క్రిందట మేము నడపిన యొక తరగతి పరీక్షలో అనువాదమునకై ‘ద డాక్టర్స్ హావ్ గివెన్ హిమ్ అప్’ అను చిన్న వాక్యము నిచ్చితిమి. దీనిని కొందఱు విద్యార్థులు ‘వైద్యులు అతనిని అప్పగించిరి’ అని వ్రాసిరి. పెక్కుమంది ‘వైద్యులు అతనిని వదలివేసిరి’ అని వ్రాసిరి. ఒకరిద్దఱు మాత్రము ‘వైద్యులు అతనిపై ఆశ వదలుకొనిరి’ అని వ్రాసిరి. మొదటిదానిని తప్పని కొట్టివేసి, తక్కిన రెండింటికిని సమానముగా మార్కులు వేసితిమి. పత్రములు తిరిగి యిచ్చిన దినమున ఒక విద్యార్థి లేచి, ‘రెండవ వాక్యమును విన్న బంధువులు వైద్యులపై కోపింతురు, మూడవదానిని విన్నవారు దుఃఖింతురు. ఈ రెండును సమానము లెట్లగును?’ అని యడిగెను. ఆ ప్రశ్నకు నాడు మేము తృప్తికరమైన సమాధానము చెప్పజాలకపోతిమి. చెప్పదగిన సమాధానమును వెదకు ప్రయత్నమే ఈ వ్యాసము.

ముందుగా మా యభిప్రాయమును సంగ్రహముగా తెలిపెదము. ‘గివ్ అప్’ అనునది ఆంగ్లమున మిక్కిలి వాడుకలోనున్న క్రియాబంధము. ఒకడు తన అధీనమున నున్న దానిని అధీనమునుండి జారవిడుచుటయే దాని మూలార్థము. అయితే ఆ విడుచుటవలన నష్టము ఎవ్వరిదో, విడుచువాని మనఃస్థితి యెట్టిదో ఆ బంధము చెప్పదు. తెలుగు చెప్పకుండ నుండజాలదు. వేయు, కొను, పోవు మొదలగు ధాతువులలో నేదో యొకదానిని అనుప్రయుక్తము చేయక తెలుగువాక్యము సాధారణముగా నిలువదు. ఏ ధాతువును చేర్చినను ఒక నిర్ణయము జరిగియే తీరును. కావున ఈ బంధమును తెలుగు చేయుట యనగా నిఘంటువులో మాట వెదకుట కాదు, మూలము విడిచిన నిర్ణయమును మనము చేయుట.

క్రియాబంధ స్వరూపము

క్రియకు తరువాత అప్, అవుట్, ఆఫ్, ఇన్ వంటి చిన్న అవ్యయము చేరి, రెండును కలిసి యొక క్రొత్త యర్థము నిచ్చు బంధమును ఆంగ్ల వైయాకరణులు ‘ఫ్రేజల్ వెర్బ్’ అందురు. లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో ప్రకటించిన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ అను గ్రంథమువలన ఈ పేరు వ్యాప్తికి వచ్చినది. పేరు క్రొత్తదైనను విషయము ప్రాతదే. 1755లో తన మహానిఘంటువును వెలువరించిన శామ్యూల్ జాన్సన్, దాని పీఠికలోనే ఈ బంధములను ప్రత్యేకించి ప్రస్తావించి, విదేశీయులకు ఇవి మిక్కిలి కష్టమును కలిగించునని గుర్తించెను. ‘గివ్’ అనగా ఇచ్చు, ‘అప్’ అనగా పైకి. ఈ రెండర్థములను ఎంత కూడినను ‘మానివేయు’ అను అర్థము రాదు. విదేశీయుని కష్టమంతయు ఇక్కడనే యున్నది.

సంస్కృతము చదివినవారికి ఈ సంగతి వింత గాదు. హృధాతువొక్కటియే ఉపసర్గభేదముచేత ఆహారము, విహారము, సంహారము, ప్రహారము అని నాలుగు దారులు పట్టుట మన మెఱుగుదుము. ఉపసర్గ ధాత్వర్థమును బలవంతముగ మఱియొకచోటికి కొనిపోవుచున్నది. భేదమంతయు స్థానమున నున్నది. సంస్కృతమున ఉపసర్గ ధాతువునకు ముందుండును. అయితే వేదభాషలో అది ధాతువునకు తరువాతను, నడుమ ఇతరపదముల వ్యవధానముతోను రావచ్చునని పాణిని వేఱుగ విధించియున్నాడు. ఆంగ్లమున ‘గివ్’, ‘అప్’ అను రెండును విడివడి నడుమ కర్మపదమునకు చోటిచ్చుట ఈ వైదికపద్ధతిని తలపించును. ఆంగ్లమునకు జ్ఞాతియైన జర్మన్ భాషలో ఇదే బంధము ‘ఔఫ్‌గేబెన్’ అని యున్నది. తుమర్థకరూపమున అవ్యయము ముందు చేరియుండును. ప్రధానవాక్యమున సమాపకక్రియ యైనప్పుడు విడివడి వాక్యాంతమునకు పోవును.

ప్రాచీనాంగ్లమున సంస్కృతమునందువలె క్రియకు ముందు చేరు ఉపసర్గలు పెక్కు లుండెను. వానిలో చాలభాగము క్రమముగ నశించి, వాని పనిని క్రియకు తరువాత వచ్చు అవ్యయములు స్వీకరించినవి. ‘క్షమించు’ అను అర్థమున నేటికిని నిలిచియున్న ‘ఫర్‌గివ్’ అను క్రియ ఆ ప్రాతపద్ధతికి శేషము. అందును ‘గివ్’ ధాతువే కలదు, ఉపసర్గ ముందున్నది. ఋణమును గాని యపరాధమును గాని వదలివేయుట దాని భావము. ‘ఫర్‌గివ్’, ‘గివ్ అప్’ అనునవి ఒకే ధాతువునకు రెండు యుగములలో కలిగిన సంతానమని చెప్పవచ్చును.

అర్థపరిణామము

ఈ బంధమునకు మనకు లభించుచున్న ప్రాచీనప్రయోగములలో నొకటి ‘పీటర్‌బరో క్రానికల్’ అను వృత్తాంతమాలికలో నున్నది. ఆ గ్రంథపు చివరిభాగము పండ్రెండవ శతాబ్ది మధ్యమున వ్రాయబడినది. అందు 1137వ సంవత్సరము క్రింద స్టీఫెన్ రాజు సాల్స్‌బరీ, లింకన్ బిషప్పులను చెఱబట్టి, వారు తమ కోటలను విడిచి యప్పగించువఱకు చెఱలో నుంచెనని కలదు. ఆ విడిచి యప్పగించుటకు అచట వాడబడిన క్రియ నేటి ‘గివ్ అప్’ యొక్క పూర్వరూపమే.

ఈ ప్రయోగము మనకు మిక్కిలి యుపకరించును. కోటను విడుచువాడు ఇష్టముతో విడుచుట లేదు. పై యొత్తిడికి విడుచుచున్నాడు. విడిచినది మరల రాదు. పుచ్చుకొనువాడు ఎదుట నున్నాడు. కాలక్రమమున ఈ మూడు లక్షణములలో కొన్ని సడలుచు, క్రొత్తయర్థములు ఏర్పడినవి. పుచ్చుకొనువాడు తొలగిపోగా ‘హక్కును వదలుకొను’ అను అర్థము వచ్చినది. కోటవంటి వస్తువునకు మాఱుగా అలవాటు కర్మము కాగా ‘మానివేయు’ అను అర్థము వచ్చినది. అలవాటునకు మాఱుగా ఆశయే కర్మము కాగా ‘నిరాశ చెందు’ అను అర్థము వచ్చినది. కర్మమే లోపించి ‘ఐ గివ్ అప్’ అని నిలిచినప్పుడు ‘నావలన కాదు, ఓడిపోయితిని’ అను అర్థము వచ్చినది. అర్థములు ఇన్నియైనను మూలమొక్కటే: పట్టు సడలుట.

1611లో వెలువడిన ఆంగ్ల బైబిలులో మరణమును తెలుపుటకు ‘గివ్ అప్ ద ఘోస్ట్’ అను పలుకుబడి పలుచోట్ల కానవచ్చును. ఇచట ‘ఘోస్ట్’ అనగా దయ్యము కాదు. ప్రాణము, ఆత్మ యని ప్రాతయర్థము. ఆ యర్థ మెఱుగని విద్యార్థి ‘దయ్యమును వదలెను’ అని వ్రాసి, చనిపోయినవానిని భూతవైద్యునిచేత బాగుచేయించినట్లు చేయును. మనకు ‘ప్రాణము విడుచు’ అను సహజమైన పలుకుబడి యుండగా వేఱొక మాట వెదక నక్కఱలేదు. నేడీ పలుకుబడి ఆంగ్లమున పాడైన యంత్రములకు పరిహాసముగ వాడబడుచున్నది.

‘అప్’ చేయు పని

‘అప్’ అనునది ఊర్ధ్వదిశను తెలుపు శబ్దమైనను అనేక క్రియాబంధములలో ఆ దిశ కనబడదు. క్రియ పూర్తియగుటను మాత్రమే తెలుపును. ‘ఈట్’ అనగా తిను; ‘ఈట్ అప్’ అనగా మిగులకుండ తినివేయు. ‘టేర్’ అనగా చించు. ‘టేర్ అప్’ అనగా ముక్కలుగా చించివేయు. ‘బర్న్ అప్’ అనగా కాలిపోవు, లేక కాల్చివేయు. ఈ తెలుగుసేతలను పరిశీలించినచో ఆంగ్లమున అవ్యయము చేయు పనిని తెలుగున క్త్వార్థకమునకు పిమ్మట వచ్చిన వేయు, పోవు ధాతువులు చేయుచున్నవని తేటపడును. వేయు అనగా నిజమునకు విసరుట. పోవు అనగా నడచిపోవుట. తినివేయుటలో విసరుట లేదు, కాలిపోవుటలో నడక లేదు. ఆంగ్లమున దిశార్థము నశించినట్లే, తెలుగున ఈ ధాతువుల స్వార్థము నశించి పూర్తియగుట యను అర్థము మిగిలినది. రెండు భాషలును వేఱువేఱు సాధనములతో ఒకే గమ్యమును చేరినవి.

అయితే పోలిక ఇంతటితో ముగియును. ఆంగ్లమున ‘అప్’ ఒక్కటియే. తెలుగున ఆ స్థానమున నిలువదగిన ధాతువులు పెక్కు. ఏది నిలుపవలెనో తేల్చుటయే అనువాదకుని పని.

వాక్యమున పదక్రమము

అర్థమునకు పోవుటకు ముందు, ఉపాధ్యాయులు తఱచుగ ఎదుర్కొను రెండు దోషములను చెప్పవలసియున్నది. మొదటిది సర్వనామస్థానము. కర్మము నామవాచకమైనచో ‘గివ్ అప్ హోప్’ అనవచ్చును, ‘గివ్ హోప్ అప్’ అనియు అనవచ్చును. కర్మము సర్వనామమైనచో అది నడుమనే యుండవలెను: ‘గివ్ ఇట్ అప్’ అనుటయే సాధువు, ‘గివ్ అప్ ఇట్’ అనరాదు. కర్మము దీర్ఘమైన పదసముదాయమైనచో దానిని నడుమ ఇఱికింపక చివర నుంచుటయే వాడుక. మన వాక్యమున ‘హిమ్’ అను సర్వనామము ‘గివెన్’కును ‘అప్’కును నడుమ వచ్చుటకు ఇదియే కారణము. ‘ఇచ్చిరి, అతనిని’ అని యక్కడనే ఆగిపోయిన విద్యార్థి, వెనుక వచ్చు ‘అప్’ను గమనింపక ‘అప్పగించిరి’ అను అర్థమునకు పోయినాడు.

రెండవది క్రియ కర్మమగు సందర్భము. ‘పొగత్రాగుట మానివేసెను’ అనుటకు ‘గేవ్ అప్ స్మోకింగ్’ అనవలెను. ‘గేవ్ అప్ టు స్మోక్’ అని తుమర్థకమును వాడుట దోషము. తెలుగునను మనము ‘త్రాగను మానివేసెను’ అనక ‘త్రాగుట మానివేసెను’ అని భావార్థక నామమునే వాడుదుము గనుక, ఈ సామ్యమును చూపినచో విద్యార్థికి సూత్రము సులభముగ పట్టుబడును.

ఈ బంధమునకు దగ్గఱ బంధువు ‘గివ్ ఇన్’. ఇతరుల యొత్తిడికి తలయొగ్గుట ‘గివ్ ఇన్’. తన ప్రయత్నమును తాను విడుచుట ‘గివ్ అప్’. పిల్లవాని మారామునకు లోబడి తల్లి మిఠాయి యిచ్చినచో ఆమె ‘గివ్ ఇన్’ అయినది. వానికి లెక్కలు నేర్పు ప్రయత్నమును విసిగి విడిచినచో ‘గివ్ అప్’ అయినది. మొదటిదానిలో ఎదుటివాడు గెలిచెను. రెండవదానిలో గెలిచినవాడు ఉండనక్కఱలేదు.

వేయు, కొను, పోవు

ఇక ప్రధానవిషయము. ‘గివ్ అప్’ ప్రయోగములను తెలుగు చేయునప్పుడు మూడు ప్రశ్నలు వరుసగా వేసికొనవలెనని మా మనవి.

మొదటి ప్రశ్న: పుచ్చుకొనువా డున్నాడా? ఉన్నచో తెలుగున ఇచ్చుట, అప్పగించుట అను క్రియలే తగును. కోటను శత్రువున కప్పగించెను. బండిలో వృద్ధురాలికి లేచి చోటిచ్చెను. దేశమునకు ప్రాణములు ధారపోసెను. ఈ మూడింటను ఆంగ్లమున ‘గివ్ అప్’ నిలుచును. తెలుగున క్రియ మాఱుచున్నది. ఇచ్చు స్వభావము మాత్రము మాఱలేదు.

రెండవ ప్రశ్న: కర్మమున్నదా? లేనిచో కర్తయే మార్పు చెందుచున్నాడు. అట్టిచోట పోవు ధాతువు తగును. పొడుపుకథను విప్పలేని బాలుడు ఆంగ్లమున ‘ఐ గివ్ అప్’ అనును. మన బాలుడు ‘ఓడిపోయాను, నువ్వే చెప్పు’ అనును. కర్త తన్నుతానే యిచ్చుకొన్నప్పుడును ఇంతే: ‘గేవ్ హిమ్‌సెల్ఫ్ అప్’ అనగా ‘లొంగిపోయెను’. ఆంగ్లమున ‘తన్ను’ అను కర్మమున్నను, తెలుగున అది పోవు ధాతువులో లీనమైనది. ‘చేతులెత్తివేయు’ అను పలుకుబడి ఇందులకు అపవాదమువలె తోచును గాని కాదు. అందు ‘చేతులు’ అను కర్మము ఉండనే యున్నది గనుక వేయు ధాతువు వచ్చినది.

మూడవ ప్రశ్న: పుచ్చుకొనువాడు లేడు, కర్మము కలదు, అప్పుడు విడుచుటయొక్క ఫలము ఎవ్వరికి? మన వైయాకరణులు కొను ధాత్వనుప్రయోగమును ఆత్మనేపదార్థకమని చెప్పిరి. ఫలము కర్తకే చెందునని దాని తాత్పర్యము. ఆ ఫలము లాభమే కానక్కఱలేదు, నష్టమును కావచ్చును. ‘వదలివేసెను’ అన్నచో వస్తువు కర్తనుండి దూరముగ పోయినది. కర్తకు దానితో పని తీరినది. ‘వదలుకొనెను’ అన్నచో వస్తువు పోయినది గాని, పోయిన లోటు కర్తయందు నిలిచియున్నది. ఆస్తిలో వాటాను గూర్చి ‘హక్కు వదలుకొనెను’ అందుము గాని ‘హక్కు వదలివేసెను’ అనుట అరుదు. హక్కు విలువైనది, విడిచినవానికి లోటు. ‘చెడు స్నేహము వదలివేసెను’ అందుము. అది పోయిన లోటు లేదు. అప్పిచ్చిన సొమ్ము రాదని తేలినప్పుడు ‘ఆ సొమ్ముకు నీళ్లు వదలుకొనెను’ అందుము. నీళ్లు వదలుట దానమందును, తర్పణమందును గల క్రియ. చివర కొను చేరగానే అది దానము గాక నష్టమైనది. ‘ఆశలకు తిలోదకములిచ్చెను’ అను పలుకుబడియు ఇట్టిదే. ఆంగ్లేయుడు ఆశను ‘పైకి ఇచ్చి’నట్లే, మనము ఆశకు నువ్వులు, నీళ్లు ఇచ్చుచున్నాము. రెండు భాషలును నిరాశను ఇచ్చుటగనే భావించుట గమనింపదగినది.

ఈ నిర్ణయమెంత బరువైనదో ఒక చారిత్రకోదాహరణముతో చూపుదుము. 1936 డిసెంబరులో ఇంగ్లండు రాజు ఎనిమిదవ ఎడ్వర్డు, వాలిస్ సింప్సన్ అను నామెను వివాహమాడ నిశ్చయించి, రాజ్యము విడిచెను. ‘గేవ్ అప్ ద త్రోన్’ అని ఆంగ్లమున ఒక్కమాటతో చెప్పవచ్చును. రాజును నిందించువాడును, అతనిపై జాలిపడువాడును, అతని ప్రేమను కొనియాడువాడును అదేమాట వాడవచ్చును. తెలుగున ఆ మువ్వురును ఒక్కమాట వాడజాలరు. ‘సింహాసనమును వదలివేసెను’ అన్నచో బాధ్యతను విసరివేసినట్లు ధ్వనించును. ‘సింహాసనమును వదలుకొనెను’ అన్నచో చేజేతుల నష్టపోయినట్లు ధ్వనించును. ‘సింహాసనమును త్యజించెను’ అన్నచో త్యాగమను గౌరవము వచ్చి చేరును. ‘పరిత్యజించెను’ అన్నచో ఆ గౌరవమునకు సంపూర్ణత తోడగును. చరిత్రగ్రంథమును అనువదించువాడు ఈ నాలుగింటిలో నొకదానిని ఎన్నుకొన్న క్షణమున, తెలిసియో తెలియకయో, రాజుపై తీర్పు చెప్పియే యుండును.

కావున మూలమున నున్నంత తాటస్థ్యము కావలసినచో ఏమి చేయవలెను? అనుప్రయోగము లేని కేవలధాతువును వాడుట ఒక మార్గము: ‘సింహాసనమును విడిచెను’. ఇది కొంత పొడిగ నుండును గాని పక్షపాతము తక్కువ. మూలరచయిత భావము సందర్భమువలన స్పష్టమైనచో మాత్రము వెనుదీయక తగిన ధాతువును చేర్చవలెను. అట్లు చేర్చుట మూలమునకు అదనము కాదు; మూలమున సందర్భమందు దాగియున్నదానిని తెలుగున క్రియయందు వెలికి తెచ్చుట.

ముగింపు

ఇప్పుడు వైద్యుల వాక్యమునకు మరలుదుము. అందు పుచ్చుకొనువాడు లేడు గనుక ‘అప్పగించిరి’ పొసగదు. ‘హిమ్’ అను కర్మము కలదు గనుక వేయు, కొను అనువానిలో నొకటి రావలెను. ‘అతనిని వదలివేసిరి’ అన్నచో వైద్యులు రోగిని విసర్జించిరి. చికిత్స మాని పోయిరి. ఆంగ్లవాక్యమున ఆ నింద లేదు. రోగి బ్రదుకునను నమ్మకము మాత్రమే వారు విడిచినది, చికిత్స సాగుచుండవచ్చును. అనగా ఆంగ్లమున కర్మముగ నున్న రోగి, తెలుగున కర్మస్థానమును ‘ఆశ’కు విడిచి, ‘అతనిపై’ అని ప్రక్కకు తొలగవలెను. ఆ యాశ వైద్యులది, పోయిన లోటు వారికిని కలదు, కావుననే కొను. ‘వైద్యులు అతనిపై ఆశ వదలుకొనిరి’ అనునదియే సరియైన అనువాదము. వాడుకకు దగ్గఱగ ‘వైద్యులు చేతులెత్తివేసిరి’ అన్నను భావము చెడదు. చేయగలిగిన దేమియు మిగులలేదనియే దాని యర్థము గాని రోగిని విడిచిరని కాదు.

ఆంగ్లపాఠములు చెప్పు మిత్రులకును, అనువాదమును పరిశోధనాంశముగ గైకొను విద్యార్థులకును మేము చేయు సూచన యొక్కటే. ‘గివ్ అప్’ అనగా ‘మానుకొను, వదలివేయు’ అని రెండు మాటలు కంఠస్థము చేయించి విడువక, పై మూడు ప్రశ్నలను వేయించుడు. ఈ పద్ధతి ‘గివ్ అప్’ నొక్కదానికే కాక, అవ్యయము చేరిన తక్కిన ఆంగ్లక్రియలను పరిశీలించుటకును ఉపకరించునని మా విశ్వాసము. అంతకంటె ముఖ్యముగ, మనము దినమంతయు ఆలోచింపక వాడుచున్న వేయు, కొను, పోవు అను చిన్న ధాతువులు ఎంత సూక్ష్మమైన పని చేయుచున్నవో పరభాషతో పోల్చినప్పుడే మనకు తెలియవచ్చును.

ఆ తరగతి పరీక్షలో రెండవ వాక్యమునకు మేము వేసిన పూర్తి మార్కులు తప్పు. ప్రశ్న వేసిన విద్యార్థి యభిప్రాయమే సరియైనది. వాక్యములు రెండింటను ‘వదలు’ ధాతువే యున్నను, ఒకటి ‘వేయు’తోను మఱియొకటి ‘కొను’తోను ముగిసిన క్షణముననే వాని దారులు వేఱైనవి.